డెల్ఫీ గోడ మీది దస్తావేజులు

డెల్ఫీకి వెళ్లివచ్చానని చెప్పగానే ఒక మిత్రుడు, "అయితే సోది చెప్పించుకుని వచ్చావన్నమాట" అన్నాడు. ఆయన హేతువాది. మాటలో వెటకారం వుంది. నేను నొచ్చుకోలేదు. ఎందుకంటే మొన్నమొన్నటిదాకా ఆ వెటకారం నాది కూడా.

ముప్పయ్యేళ్లపాటు కాలేజీలో చరిత్ర చెప్పాను. నా పాఠంలో డెల్ఫీకి దక్కింది పది నిమిషాలు. పర్నాసస్ కొండ వాలున అపోలో దేవాలయం, అందులో పైథియా అనే పూజారిణి, ఆమె పూనకంలో పలికే మాటలు, ఆ మాటల్ని రెండర్థాలు వచ్చేట్టు మలిచి రాజుల్ని బోల్తా కొట్టించే పూజారులు. లిడియా రాజు క్రీసస్ కథ తప్పకుండా చెప్పేవాణ్ని. పారశీకుల మీదికి వెళితే ఒక మహాసామ్రాజ్యం కూలుతుందని దేవుడన్నాడు, వెళ్లాడు, కూలింది తన సామ్రాజ్యమే. క్లాసు నవ్వేది. పిల్లలు నవ్వారంటే పాఠం తలకెక్కినట్టేనని సంతోషించేవాణ్ని.

బానిసల సంగతి వేరే పాఠం. అక్కడ ఎంగెల్సును పిలిచేవాణ్ని. బానిసత్వమే లేకపోతే గ్రీకు రాజ్యమూ లేదు, గ్రీకు కళా లేదు, శాస్త్రమూ లేదని ఆయన "ఆంటీ డూరింగ్"లో అన్నమాట బోర్డు మీద రాసి, చాక్‌పీసు కిందపెట్టి, పని అయిపోయిందనుకునేవాణ్ని. గుడి ఒక పాఠం, బానిస ఒక పాఠం. ఈ రెండు పాఠాలూ ఒకే గోడ మీద వున్నాయని నాకు తెలియదు. తెలియదనడం కూడా పూర్తి నిజం కాదు. ఎక్కడో చదివాను. చదివినదాన్ని చూడలేదు.

కిందటేడు అక్టోబరులో ఎథెన్సులో నాలుగు రోజులు వుండే అవకాశం వచ్చింది. అందులో ఒక రోజు డెల్ఫీకి. సొంతంగా వెళ్లే ధైర్యం లేక, గైడుతో సహా తీసుకువెళ్లి సాయంత్రానికి తిరిగి దింపే బస్సులో సీటు కొన్నాను. 180 కిలోమీటర్ల దారి. గైడు నడివయసు స్త్రీ. ఆ దేశంలో ఈ పని చెయ్యాలంటే చదువూ కావాలి, ప్రభుత్వ లైసెన్సూ కావాలి. మాట స్పష్టంగా వుంది. రోజూ చెప్పే మాటలే చెబుతున్నా విసుగు కనబడనీయడం లేదు. ఈ విద్య మేష్టర్లకు బాగా తెలుసు గనుక నాకు ఆమె మీద మొదటినుంచీ సానుభూతి కలిగింది.

థీబ్స్ దాటి లివాదియా వైపు వెళుతుంటే రోడ్డుకు కుడిపక్క తెల్లగా విచ్చుకున్న పత్తిచేలు! గుంటూరు జిల్లావాడికి ప్రాణం లేచివచ్చిందంటే ఆశ్చర్యమేముంది? అది ఒకప్పుడు కొపాయిస్ సరస్సు. పందొమ్మిదో శతాబ్దం చివర నీళ్లు తోడి పొలం చేశారు. ఆ పొలాలు 1953 దాకా ఒక బ్రిటిష్ కంపెనీ చేతిలో వుండేవి. దున్నినవాడు గ్రీకు రైతు, శిస్తు వెళ్లింది లండనుకు. గైడు ఈ సంగతి చెప్పలేదు. పత్తి గురించి ఎవరూ అడగరు గదా.

లివాదియా దాటాక కొండల మధ్య ఒక కూడలి చూపించింది. ఈడిపస్ తండ్రిని, తండ్రి అని తెలియక చంపిన చోటు ఇదేనని చెబుతారట. బస్సంతా అటువైపు వొరిగింది, కెమెరాలు లేచాయి. ఆ కూడలినుంచే దిస్తొమో అనే వూరికి దారి చీలుతుంది. 1944 జూన్ 10న హిట్లర్ ఎస్.ఎస్. సైనికులు ఆ వూళ్లో ఇల్లిల్లూ తిరిగి 218 మందిని చంపారు. పసిపిల్లల్ని కూడా వదల్లేదు. పురాణంలో జరిగిన ఒక్క హత్యకు బస్సు వేగం తగ్గింది. చరిత్రలో జరిగిన 218 హత్యలకు తగ్గలేదు. దీనికి గైడును తప్పుపట్టను. కంపెనీవాళ్లు ఆమెకిచ్చిన కాగితంలో ఏమి వుంటే అది చెబుతుంది. అయితే యాత్ర అంటే ఏమిటో, చూపించడం అంటే ఏమిటో నాకు ఆ కూడలి దగ్గరే కొంత బోధపడింది.

డెల్ఫీ అందమైన చోటని వేరే చెప్పనక్కరలేదు. వెనక నిట్టనిలువు కొండచరియలు, ముందు లోయనిండా ఆలివ్ తోట, దూరంగా సముద్రపు చార. గుడికి ఎక్కే దారికి పవిత్రమార్గం అని పేరు గాని, దాని పక్కన వుండినవన్నీ విజయస్తంభాలూ ధనాగారాలూ. ఏ నగరం ఏ నగరాన్ని ఓడించినా కొల్లసొమ్ములో పదోవంతు తెచ్చి ఇక్కడ ఒక విగ్రహమో, ఒక మంటపమో నిలబెట్టేది. ఎథెన్సువారి ధనాగారం ఒక్కటి 1903-06 మధ్య రాళ్లు పోగుచేసి తిరిగి కట్టారు. మిగతావి పునాదులు. గ్రీకుల ఐక్యతకు ఇది చిహ్నమని గైడు చెప్పింది. ఈ ఐక్యతకు చిహ్నంగా నిలిచినవాటిలో సగం గ్రీకులు గ్రీకుల్ని చంపుకున్న సందర్భంలో కట్టినవే.

గుడి దగ్గర చాలాసేపు నిలబడ్డాం. తిరిగి నిలబెట్టిన ఆరు స్తంభాలున్నాయి. పైథియా ఎక్కడ కూర్చునేది, ఏ వాయువు పీల్చేది అనేది బస్సువారందరికీ ఎంతో ఆసక్తి కలిగించిన విషయం. భూమి పగుళ్లలోంచి ఎథిలీన్ వంటి వాయువు వచ్చి వుండవచ్చునని 2001లో కొందరు భూగర్భ శాస్త్రజ్ఞులు వాదించారు, మరికొందరు కాదన్నారు. దీని మీద ప్రశ్నలూ జవాబులూ పావుగంట నడిచాయి. సోదికి రేటు మాట ఎవరూ ఎత్తలేదు. ఫసెలిస్ అనే పట్టణంతో కుదిరిన ఒప్పందం రాతిమీద దొరికింది. నగరం తరఫున వచ్చి అడిగితే ఏడు ద్రక్మలు, రెండు ఓబళ్లు. మనిషి సొంత పనికి వచ్చి అడిగితే నాలుగు ఓబళ్లు. ఆరు ఓబళ్లు ఒక ద్రక్మ గనుక పదకొండు రెట్లు తేడా. క్యూలో ముందు నిలబడే హక్కు దేవుడికి మేలు చేసిన నగరాలకు ప్రత్యేకంగా ఇచ్చేవారు. బలిపీఠం కట్టించిన కియోస్ ద్వీపంవారికి ఆ హక్కు వుందని ఆ పీఠం మీదే చెక్కి వుంది. మన దేవస్థానాల ప్రత్యేక దర్శనం టిక్కెట్లు చూసినవాళ్లకు వివరణ అక్కరలేదు.

ఈ రాళ్లు ఇలా కనబడుతున్నాయంటే ఇక్కడొక వూరు లేకుండా పోయిందని అర్థం. 1890ల దాకా గుడి శిథిలాల మీద కాస్ట్రీ అనే పల్లె వుండేది. తవ్వకం హక్కు కోసం ఫ్రెంచి ప్రభుత్వం బేరం మొదలుపెడితే, మా ఎండుద్రాక్ష మీద సుంకం తగ్గిస్తారా అని గ్రీకు ప్రభుత్వం అడిగింది. అపోలో గుడికీ ఎండుద్రాక్షకూ మధ్య ఈ బేరం పదేళ్లు సాగింది. చివరికి 1891లో ఒప్పందం కుదిరింది. ఫ్రెంచి పార్లమెంటు అయిదు లక్షల ఫ్రాంకులు మంజూరు చేసింది. పల్లెను పక్కకు తరలించారు. 1892లో ఒమోల్ నాయకత్వాన తవ్వకం మొదలుపెట్టినప్పుడు వూరివాళ్లు అడ్డుపడ్డారు. పురావస్తు పరిశోధనకు సైనికుల కాపలా కావలసివచ్చింది. తవ్వకం జరగకూడదని నేననను. జరగబట్టే గదా నేను చెప్పబోయే గోడను ఇవాళ అందరూ చూడగలుగుతున్నారు. ప్రాజెక్టుల కింద వూళ్లు పోగొట్టుకున్న మన రైతుల్ని ఎరిగినవాణ్ని గనుక ఆ వూరి మాట గైడు నోటినుంచి ఒక్కసారి వస్తే బాగుండుననిపించింది, అంతే.

ఇక గోడ.

గుడి కొండవాలున వుంది గనుక దాని కిందిమట్టం జారిపోకుండా దక్షిణం పక్క ఒక ఆసరాగోడ కట్టారు. క్రీ.పూ. 548లో పాత గుడి తగలబడ్డాక కొత్త గుడికోసం కట్టిన గోడ ఇది. పొడుగు 80 మీటర్లకు పైనే. రాళ్లను చదరంగా చెక్కలేదు. ఒక్కొక్క రాయి అంచు ఒక్కొక్క వంపు తిరిగి పక్క రాయి వంపును కరుచుకుని వుంటుంది. సున్నం లేదు, సందు లేదు. భూకంపాలు వచ్చి గుడిని కూల్చాయి, గోడ కదలలేదు. గైడు దీని పనితనం గురించి చెప్పింది. "దీని మీద రాతలు కూడా వున్నాయి, బానిసల విడుదలకు సంబంధించినవి" అని ఒక వాక్యం చేర్చింది. కొందరు ఫోటోలు తీశారు. జట్టు ముందుకు సాగింది. గడియారం చూసుకున్నాను, ఆరు నిమిషాలు.

నేను వెనకబడ్డాను. గోడకూ మనకూ మధ్య తాడు కట్టి వుంది. దూరంనుంచి చూస్తే రాయి గరుకుగా వుందనిపిస్తుంది. కళ్లు అలవాటుపడ్డాక ఆ గరుకుతనం అక్షరాలుగా మారుతుంది. చాలా చిన్న అక్షరాలు, వరుస తరువాత వరుస, రాయి వంపును బట్టి విరుగుతూ, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి తోసుకుంటూ. గ్రీకు నాకు రాదు. లెక్కలు నేర్చిన ప్రతివాడికీ గ్రీకు అక్షరాలు కొన్ని వచ్చును గదా. ఆల్ఫా, పై, ఒమిక్రాన్, రెండు లాంబ్డాలు, ఒమెగా, న్యూ, అయోటా: కూడబలుక్కుంటే "అపొల్లోని" అని వచ్చింది. "అపోలోకు" అని అర్థం. ఆ మాటే మళ్లీ కింద. మళ్లీ పక్క రాయి మీద.

అపోలోకు ఏమి? అపోలోకు అమ్మడమైనది.

డెల్ఫీలో ఇలాంటి శాసనాలు వెయ్యికి పైగా దొరికాయి. ఎక్కువభాగం ఈ గోడ మీదివే. క్రీ.పూ. 200 ప్రాంతంలో మొదలై దాదాపు మూడు వందల ఏళ్లు సాగాయి. వాటిలో 1,200 మందికి పైగా బానిసలు పేరుపేరునా వున్నారు. అన్నీ ఒకే అచ్చు. ఏ అధికారి ఏడాదిలో, ఏ నెలలో. ఫలానావాడు పైథియన్ అపోలోకు ఒక మగ శరీరాన్ని, లేదా ఒక ఆడ శరీరాన్ని, ఫలానా పేరు గలదాన్ని, ఇన్ని మినాల వెండికి అమ్మాడు. వెల పూర్తిగా ముట్టింది. గ్రీకులో వాడిన మాట "సోమా", అంటే శరీరమే. మనిషి అనే మాట అక్కడ లేదు. శరీరం, పేరు, పుట్టుక: ఇంట్లోనే పుట్టినది, థ్రేసునుంచి వచ్చినది, సిరియానుంచి వచ్చినది. తరువాత హామీదారుల పేర్లు, సాక్షుల పేర్లు. సాక్షుల్లో అపోలో పూజారులు వుంటారు.

ఇందులో ముఖ్యమైన వాక్యం ఇంకొకటి వుంది. ఈ కొనుగోలు వ్యవహారాన్ని ఆ బానిసే దేవుడికి అప్పగించాడు అని. అంటే డబ్బు ఎవరిది? దేవుడిది కాదు. దేవుడు ఒక్క ఓబలు కూడా జేబులోంచి తియ్యలేదు. డబ్బు బానిసదే. మరి బానిస నేరుగా యజమానికి డబ్బిచ్చి తనను తాను ఎందుకు కొనుక్కోకూడదు? కొనుక్కోలేడు. చట్టం దృష్టిలో బానిస ఒక వస్తువు. వస్తువు ఒప్పందంలో కక్షిదారు కాలేదు. పైగా బానిస కూడబెట్టిన సొమ్ము చట్టప్రకారం యజమాని సొమ్మే. కనుక ఒక మూడో మనిషి కావాలి. ఆ మూడో మనిషి చావకూడదు, అప్పులపాలై దివాళా తియ్యకూడదు, యజమాని కొడుకులు వచ్చి దబాయిస్తే బెదరకూడదు. అలాంటివాడు డెల్ఫీలో ఒకడే వున్నాడు. ఒకడి డబ్బుతో ఇంకొకడి పేరున ఆస్తి కొనడాన్ని మనవాళ్లు బినామీ అంటారు. అపోలో ఇక్కడ బినామీదారు.

ఇలా చూస్తే గోడ మీద ఎందుకు చెక్కారో కూడా తెలుస్తుంది. బానిసకు యజమాని మాట మీద నమ్మకం లేదు. అంతకంటే యజమాని వారసుల మీద లేదు. తాటాకో, తోలుకాగితమో అయితే పోతుంది. దేవుడి గుడి కింద, నలుగురూ నడిచే దారిలో, భూకంపానికి కదలని గోడ మీద చెక్కితే పోదు. రేపు ఎవడైనా పట్టుకుపోబోతే హామీదారు వచ్చి క్రయాన్ని నిలబెట్టాలి. అతనే కాదు, దారినపోయే ఎవరైనా సరే అడ్డుపడి విడిపించవచ్చు, వాళ్ల మీద కేసు చెల్లదు అని కూడా రాసి వుంటుంది. దారినపోయేవాళ్లను సాక్షులుగా నిలబెట్టుకోవలసినంత భయం ఆ వాక్యంలో వుంది. అపోలో గుడికి దిగువన వున్నది రిజిస్ట్రారు కచేరీ.

వెల సంగతి. సాధారణంగా మూడు నుంచి అయిదు మినాలు, అంటే మూడు వందలనుంచి అయిదు వందల ద్రక్మలు. నాలుగు వందల ద్రక్మలతో ఒక పేద రైతు కుటుంబం మూడేళ్లు తినవచ్చునని, ఈ శాసనాలను లెక్కకట్టి 1978లో ఒక పుస్తకంలో విశ్లేషించిన కీత్ హాప్కిన్స్ అన్నాడు. బానిసకు అంత సొమ్ము ఎక్కడిది? వీటిలో కొన్ని దారులు శాసనాల్లోనే తొంగిచూస్తాయి. స్నేహితులు కలిసి వేసుకున్న చేబదులు లాంటి అప్పు, దాన్ని విడుదలైనవాడు తీర్చాలనే షరతు, అలాంటివి. మిగిలింది యజమానికి చేసిన చాకిరీ పోను చేసుకున్న చాకిరీయే అయివుండాలి. ఈ జాబితాలో సగానికి మించి స్త్రీలని కూడా హాప్కిన్స్ లెక్క చెబుతున్నది.

కనుక ఇది విముక్తి అనేవారు ఒకటి గమనించాలి. చాలా శాసనాల్లో "పరమొనే" అనే షరతు వుంది. పక్కనే వుండటం అని దాని అర్థం. బానిస వెల చెల్లించాడు, దేవుడికి అమ్ముడుపోయాడు, పేరుకు స్వతంత్రుడు. అయినా యజమాని బతికున్నంతకాలం ఆ ఇంట్లోనే వుండి, చెప్పిన పనల్లా చెయ్యాలి. చెయ్యకపోతే కొట్టవచ్చు. మాట వినకపోతే క్రయమే రద్దు. కొన్నిటిలో, విడుదలయ్యే స్త్రీ తనకు బదులుగా ఒక బిడ్డను యజమానికి ఇచ్చిపోవాలని వుంటుంది. ఒక శాసనం వుంది. పరమొనే కాలంలో ఆమెకు బిడ్డ పుడితే, ఆ బిడ్డను గొంతు నులిమి చంపుకునే అధికారం ఆమెకు వుంది. అమ్ముకునే అధికారం లేదు. దీన్ని నేను పుస్తకంలో ఎన్నడో చదివాను. చదివినప్పుడు ఒక ఉదాహరణగా తోచింది. గోడ ముందు నిలబడి, ఈ చెక్కడాల్లో ఏదో ఒకటి అదేనేమో అనుకున్నప్పుడు ఉదాహరణ అనే మాట నోటికి రాలేదు.

మూడు శతాబ్దాల్లో ఈ షరతు వున్న విడుదలలు తగ్గలేదు, పెరిగాయి. పూర్తి విడుదల వెల కూడా పెరిగింది. దీనికి కారణం దేవుడి మనసు మారడం కాదు. బయట ఏమి జరుగుతున్నదో చూడండి. క్రీ.పూ. 168లో పిడ్నా యుద్ధంలో మాసిడోనియా రాజు పెర్సియస్‌ను రోమన్ సేనాని ఎమీలియస్ పౌలస్ ఓడించాడు. మరుసటి ఏడు అతని సైన్యం ఎపిరస్‌లో డెబ్భై పట్టణాల్ని కొల్లగొట్టి, లక్షాయాభై వేలమందిని బానిసలుగా అమ్మింది. ఈ ఎమీలియస్ పౌలస్ డెల్ఫీకి వచ్చాడు. పెర్సియస్ తన విగ్రహం కోసం కట్టించుకుంటున్న స్తంభం సగంలో వుంటే, దాని మీద తన విగ్రహం పెట్టించుకున్నాడు. ఆ స్తంభం మీది యుద్ధ శిల్పం ఇప్పుడు మ్యూజియంలో వుంది. గోడ మీద ఒక్కొక్క శరీరం విడుదల అవుతున్న రోజుల్లోనే అంగడిలోకి లక్షల శరీరాలు వస్తున్నాయి. హాప్కిన్స్ వాదన ఇక్కడ పదునైనది. ముసలిదవుతున్న బానిసకు స్వేచ్ఛ అమ్మి, ఆ వెలతో యజమాని ఇంకొక పడుచు బానిసను కొనుక్కోవచ్చు. పైగా స్వేచ్ఛ దొరుకుతుందన్న ఆశ వున్న బానిస వొళ్లు దాచుకోకుండా పనిచేస్తాడు, కాసుకు కాసు కూడబెడతాడు. అలా కూడిన కాసులన్నీ చివరికి యజమాని పెట్టెలోకే వస్తాయి. విడుదల అనేది బానిస వ్యవస్థకు పడిన బీట కాదు. ఆ యంత్రానికి వేసిన చమురు.

ఇది నేను ఒప్పుకుంటాను. ఒప్పుకుని ఇక్కడే ఆగిపోవడం మాత్రం నాకు సమ్మతం కాదు. మన మిత్రుల్లో చాలామందికి ఆగిపోయే అలవాటుంది, నాకూ వుండేది. గుడి అనగానే మోసం, మతం అనగానే మత్తు, ఇక చూడవలసిందేమీ లేదు. పూజారి మోసగాడైతే ఈ వెల పూజారికి చేరాలి. చేరలేదు, యజమానికి చేరింది. బానిస మత్తులో వున్నాడందామా? మత్తులో వున్నవాడు హామీదారుణ్ని అడగడు, సాక్షుల్ని పిలవడు, దారినపోయేవాడికి హక్కు రాయించడు. ఈ గోడ మీది మనుషులు దేవుణ్ని నమ్మారో లేదో ఎవరు చెప్పగలరు? దేవుణ్ని వాడుకోవడం మాత్రం వారికి తెలుసు. చట్టం తనకు మూసేసిన తలుపును దేవుడి పేరుతో కాస్త తెరుచుకున్నారు. ఆ సందులోంచి దూరగలిగింది కొద్దిమందే. దూరినవాళ్లలో చాలామంది ఇంకో గదిలో చిక్కుకుపోయారు. అది వేరే సంగతి. స్పార్టకస్ తిరుగుబాటు క్రీ.పూ. 73లో జరిగింది, అప్పటికి ఈ గోడ మీద నూరేళ్లకు పైగా ఉలి మోగుతున్నది. స్పార్టకస్‌ను తలచుకునే మనం ఈ కూడబెట్టినవాళ్లను తలచుకోలేదు. కత్తి పట్టినవాడు మన వీరుడు. నాలుగు వందల ద్రక్మలు పోగుచేసిన ఆడమనిషి మనకు గణాంకం కూడా కాలేదు.

గుడి గోడలు చదవడం మనకు కొత్త కాదు. ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో వందల శాసనాలున్నాయి. అఖండదీపానికి ఇన్ని గొర్రెలు ఇచ్చానని దాత తన బిరుదులన్నీ చెప్పుకుంటాడు. మన పండితులు ఆ బిరుదుల మీదనుంచి రాజుల వంశావళి కట్టారు, అది గొప్ప పనే. అదే శాసనాల్లో, ఆ గొర్రెలు తోలుకుపోయి కొలత ప్రకారం నెయ్యి పొయ్యడానికి కట్టుబడిన బోయ పేరు కూడా వుంటుంది. దాత పేరు పుణ్యం కోసం, బోయ పేరు బాకీ కోసం. శ్రమ చేసినవాడి పేరు రాతికెక్కడానికి రెండుచోట్లా వున్న కారణం ఒకటే, అతని మీద ఒక షరతు వుండటం.

మ్యూజియంలో గైడు దగ్గరికి చేరుకున్నాను. రథసారథి కంచు విగ్రహం ముందు అందరూ నిశ్శబ్దంగా నిలబడ్డారు. 1896లో దొరికిన ఆ విగ్రహం నిజంగా నిలబెట్టేసేదే. రాగి రెప్పవెంట్రుకలు, పొదిగిన కళ్లు, పగ్గాలు పట్టిన చెయ్యి. గెలుపు మాత్రం అతనిది కాదు. గ్రీకుల రథప్పందెంలో విజేత గుర్రాల యజమాని. ఈ విగ్రహం పెట్టించినవాడు సిసిలీలోని గెలా నగరాన్ని ఏలిన పొలిజాలస్.

పక్క గదిలో క్లియోబిస్, బైటన్ అనే అన్నదమ్ముల విగ్రహాలని చెబుతున్న రాతి యువకులు. ఎద్దులు వేళకు రాకపోతే తల్లి ఎక్కిన బండికి తామే కాడి కట్టుకుని గుడిదాకా లాగారు, తల్లి వరమడిగితే దేవత వారికి నిద్రలోనే చావునిచ్చింది. మనిషికి ఇంతకంటే మంచి వరం లేదట. కాడి మోసినవాడికి చావే వరమని చెప్పే కథ ఎవరికి పనికొస్తుందో ఎవరైనా వూహించవచ్చు.

బస్సు వచ్చేదాకా పావుగంట వుంది. గైడు ఒక్కతే నిలబడి వుంటే వెళ్లి గోడ సంగతి అడిగాను. చెప్పనా వద్దా అన్నట్టు చూసి, తాను చదువుకున్నది పురావస్తు శాస్త్రమేననీ, ఆ శాసనాల మీదే ఒక వ్యాసం రాశాననీ అంది. "మరి ఒక్క వాక్యంతో సరిపెట్టారేం?" అన్నాను. "రెండున్నర గంటల్లో గుడి, మ్యూజియం చూపించాలి. సోదిచెప్పే ఆమె గురించి అడగడానికే అందరూ వస్తారు. మీరు గోడ గురించి అడిగారు. ఈ ఏడాది మీరు రెండోవారు" అని నవ్వింది. తరువాత ఆ అచ్చు వాక్యాన్ని గ్రీకులో గబగబా అప్పజెప్పింది, మన పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు. శరీరం, పేరు, వెల. పేరు రావలసినచోట ఒక క్షణం ఆగి, వేలితో గాలిలో చుక్కలు పెట్టింది.

ఈసపు కథల సంగతి గుర్తుచేశాను. మనం చిన్నప్పుడు వాచకాల్లో చదువుకున్న కాకి, నక్క, తాబేలు కథలు చెప్పిన ఆ ఈసపు సామోస్ ద్వీపంలో బానిస. డెల్ఫీవారు అతన్ని చంపారు. కొండమీంచి తోసేశారని జనశ్రుతి. హెరొడోటస్ రాసిన దాని ప్రకారం, తరువాత డెల్ఫీవారు దేవుడి ఆజ్ఞ మేరకు ఈసపు ప్రాణానికి నష్టపరిహారం ఇస్తాం, ఎవరిదైనా హక్కు వుంటే రండి అని మళ్లీమళ్లీ చాటించారు. ఎవరూ రాలేదు. చివరికి ఇయాద్మొన్ అనే ఆయన వచ్చి పుచ్చుకుపోయాడు. ఈసపు యజమాని మనమడు ఆయన.

"ఆ కథ నేను బస్సులో చెబుతాను" అంది ఆమె. "కొండ చూపించి చెబుతాను. డబ్బు ఎవరు తీసుకున్నారన్నది చెప్పను, కథ పొడుగవుతుంది."

పరమొనే షరతు మీద విడుదలైనవాళ్లలో కొందరికి ఆ షరతు కూడా తీరిపోయిందని చెప్పే రెండో శాసనం దొరుకుతుంది, కొన్నేళ్ల తరువాతది. కొందరు దానికి మళ్లీ డబ్బు కట్టారు. అలాంటివి ఎన్ని అని అడగబోతుంటే డ్రైవరు హారన్ కొట్టాడు. తిరుగు దారిలో అరాఖోవా అనే కొండవూళ్లో కంబళ్ల దుకాణాల ముందు బస్సు నలభై నిమిషాలు ఆగింది. గైడు దిగలేదు. ముందు సీట్లో కూర్చుని మర్నాటి జట్టు పేర్ల పట్టీ చూసుకుంటున్నది.

రెండో శాసనాలు ఎన్నో, మొదటి శాసనంతోనే ఆగిపోయినవాళ్లు ఎందరో తెలుసుకోవాలని వుంది. వేసవి సెలవుల్లో పాత విద్యార్థులు కొందరు ఇంటికి వస్తామన్నారు. వాళ్లలో ఒకరికి గ్రీకు నేర్చుకోవాలని సరదా వుందట.